నూకాలమ్మ మిగతా మాట

నూకాలమ్మకి పక్షవాతమొచ్చి నోరు పడిపోయిన రోజున చేపల బజారంతా బావురుమందట. అందులో ప్రేమ సగమైతే, కాలక్షేపం పోయిందన్న దిగులు సగం. ఎవరేమన్నా ఆ మాటని ఆ మనిషి గొంతుతోనే అని వినిపించడం నూకాలమ్మకి పుట్టుకతో వచ్చిన విద్య. కానిస్టేబులు ఎలా గదమాయించాడో, వేలం పాడేవాడు ఎలా నసిగాడో, ఎప్పుడో పోయిన తన అత్తగారు ఎలా ఈసడించుకునేదో, అన్నీ అని చూపించాకే తను చెప్పదల్చుకున్నది చెప్పేది. అంత మాటకారీ ఇప్పుడు కళ్ళు తప్ప ఇంకేమీ కదపలేని స్థితిలో, విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా గుట్టమీదున్న వాక్ ప్రయోగశాలకి చేరింది. తీసుకొచ్చింది కూతురు దేవుడమ్మ. నలభై ఏళ్ళ మనిషి, తల్లిలాగే చేపలమ్ముకుని బతుకుతుంది, తల్లికి ఒక్కతే బిడ్డ.

ప్రయోగశాలవాళ్ళు తయారుచేసింది చూడ్డానికి మామూలు ఊలు టోపీలాగే ఉంటుంది. తలకి తొడిగితే, మనిషి లోలోపల అనుకునే మాటలు అక్షరాలై తెరమీదకి వస్తాయి. అయితే వచ్చేది శుభ్రమైన వాక్యం కాదు. వెబ్‌పేజీ వెనకాల కనపడకుండా ఉండే రాతలాగా అడుగడుగునా గుర్తులు. మాట మొదలైనచోట తెరిచే గుర్తు, అయిపోయినచోట మూసే గుర్తు. మాటకీ మాటకీ మధ్య దురదకో గుర్తు, దగ్గుకో గుర్తు, ఫ్యాను చప్పుడుకో గుర్తు. ఈ చెత్తలోంచి మాటని ఏరి స్పీకరుకి అందించాలి. ఆ ఏరే పని హెప్సిబాది. తెలివైన పిల్ల. తెలివైనదాన్నని తనకి బాగా తెలిసిన పిల్ల కూడా.

ఆ పనికి హెప్సిబా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడింది. ఫలానా ఆకారంలో ఉన్న రాతని పట్టుకో, తక్కినది వదిలెయ్ అని కంప్యూటరుకి ఒక్క వరుసలో చెప్పే జల్లెడ అది. మొదటిసారి ‘తెరిచే గుర్తు నుంచి మూసే గుర్తు దాకా పట్టుకో’ అని రాస్తే, ఆ జల్లెడ మొట్టమొదటి గుర్తు దగ్గర నోరు తెరిచి చిట్టచివరి గుర్తు దగ్గర మూసింది. దురద, దగ్గు, ఫ్యాను అన్నీ కలిపి స్పీకరు గడగడా చదివేస్తే గదిలో అందరూ పడీపడీ నవ్వారు. నవ్వితే హెప్సిబాకి పౌరుషమొచ్చింది. సాయంత్రంలోగా మార్చేసింది. ‘మధ్యలో ఇంకే గుర్తూ లేని మాటని మాత్రమే పట్టుకో’ అని రాసింది. అది చక్కగా పనిచేసింది.

“ఒకటే వరుసా?” అన్నాడు డైరెక్టరు పార్వతీశం, కళ్ళజోడు పైకెత్తి. “మరి మాటలో ఇంకో మాట ఉంటేనో? ఒక్కో గుర్తూ వరసగా తెరుచుకుంటూ మూసుకుంటూ చదివే పద్ధతి ఒకటుంది కదమ్మా.”

“దానికి నెల పడుతుంది సార్. ఇది ఇప్పుడే పనిచేస్తోంది కదా.”

ఆయన సరేనన్నాడు. పరీక్షలు కూడా బాగానే జరిగాయి. ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళే ఒక్కొక్కరూ టోపీ పెట్టుకుని, అనుకోమన్నది బుద్ధిగా అనుకున్నారు. నాకు దాహంగా ఉంది, కిటికీ తెరవండి, ఈ రోజు మంగళవారం. చదువుకున్నవాళ్ళు కదా, పంతులు చెప్పమన్న పాఠంలాగా అనుకున్నారు. ఊళ్ళోవాళ్ళందర్నీ మనసులో పెట్టుకు తిరిగే మనిషిని ఒక్కరినీ కూర్చోబెట్టి చూడాలని ఎవరికీ తట్టలేదు.

నూకాలమ్మ ఫోనులో పంపిన పాత మాటల్లోంచి ఆవిడ గొంతు తీసి స్పీకరుకి అమర్చారు. టోపీ తొడిగిన రోజున ఆ గొంతు “దాహం” అనేసరికి దేవుడమ్మ తల్లిని వదిలేసి, ముందు హెప్సిబా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “మా అమ్మ నోరు మళ్ళీ తెచ్చిచ్చినావు తల్లీ” అని ఏడ్చింది. హెప్సిబా ఆ రోజు ఇంటికి వెళ్ళి తల్లి సువార్తమ్మకి ఆ సంగతి రెండుసార్లు చెప్పింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఫ్యాను తగ్గించమనీ, దోమ కుడుతోందనీ చిన్నచిన్న మాటలే వచ్చాయి. అవి జల్లెడలోంచి చక్కగా దిగాయి. నూకాలమ్మ టోపీకి అలవాటుపడి, లోలోపల కూడా తన పాత ధోరణిలో పడ్డాకే వచ్చింది చిక్కు.

ఆ మధ్యాహ్నం దేవుడమ్మ బేరం ముగించుకుని వచ్చి, తల్లి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తోంది. హెప్సిబా ఆ గదిని వేరుచేసే అద్దానికి ఇవతల తన బల్ల దగ్గర ఉంది. స్పీకరు ఉన్నట్టుండి పలికింది.

“ఛీ, నీ మొగం నాకు సూపించకు. నా గడప తొక్కకు.”

దేవుడమ్మ చేతులు ఆగిపోయాయి. “ఎవుల్నే అమ్మా?” అంది. స్పీకరు మళ్ళీ అదే మాటంది. గొంతు నూకాలమ్మదే, విసురు కూడా ఆవిడదే.

దేవుడమ్మ ఒకప్పుడు తల్లి వద్దన్నా వినకుండా ఆటో నడిపే కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. కొన్నేళ్ళు తల్లీకూతుళ్ళకి మాటల్లేవు. పిల్లలు పుట్టాక రాకపోకలు కుదిరాయి గాని, ఆ పెళ్ళి సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. ఎత్తని మాట ఇన్నాళ్ళకి బయటపడిందనుకుంది దేవుడమ్మ. ఆమె మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. తల్లి కాళ్ళు మంచమ్మీద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది.

“ఇన్నేళ్ళూ కడుపులో దాసుకున్నావన్నమాట. నాను నీ గుడ్డలుతికి, ఒళ్ళు తుడిసి... సర్లే. సావు. నీ పీడ నాకు ఇరగడైపోద్ది.”

అని గబగబా వెళ్ళిపోయింది. నూకాలమ్మ కళ్ళు తలుపుదాకా కూతురి వెనకే వెళ్ళి అక్కడే ఆగిపోయాయి.

హెప్సిబాకి అప్పుడు కలిగింది బాధ కాదు, సంతోషం. యంత్రం కోపాన్ని కూడా మోసుకొచ్చింది! డైరెక్టరు గదికి పరిగెత్తి చెప్పింది. మర్నాడు నూనె సీసా తీసుకుని నర్సు కళావతి వెళ్తే, స్పీకరు ఆవిణ్ణి “సావు, నీ పీడ నాకు ఇరగడైపోద్ది” అని తిట్టింది. కళావతి నోరు నొక్కుకుని బయటికొచ్చింది. “నోరు లేనప్పుడే నయం మేడమ్, ముసలమ్మ బంగారంలా ఉండేది” అంటే అందరితోపాటు హెప్సిబా కూడా నవ్వింది. ముందురోజు కూతురన్న మాటే ఇప్పుడు తల్లి నోట వచ్చిందే అని ఒక్క క్షణం అనిపించింది. కోపంలో ఉన్నవాళ్ళు ఒకరి తిట్టు ఒకరు అందుకుంటారులే అని సరిపెట్టుకుంది. తన నివేదికలో, రోగి భావావేశం కూడా స్పష్టంగా వెలువడుతోందని రాసింది.

దేవుడమ్మ మరి రాలేదు.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి హెప్సిబా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. సువార్తమ్మ పక్కింటి సరోజినితో మెట్లమీద కూర్చుంది. ఉన్నట్టుండి తల్లి కేక వినపడింది.

“నీ ఇంట్లో చుక్క నీళ్ళు తాగితే ఒట్టు! ఛీ, నువ్వూ ఒక మనిషివేనా!”

హెప్సిబా కత్తితోనే బయటికి పరిగెత్తింది. చూస్తే సరోజిని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. సువార్తమ్మ చేతులు తిప్పుతూ అభినయం మధ్యలో ఆగింది.

“ఏమైందమ్మా? ఆవిణ్ణెందుకు అలా అన్నావు?”

“నేనెందుకంటానే? కూరల బండి దగ్గర ఆ పెద్దావిడ తోడికోడల్ని అలా అందని చెప్తున్నాను. సగం విని కత్తి పట్టుకుని వచ్చేస్తావేంటే!”

సరోజిని మరింత నవ్వింది. హెప్సిబా నవ్వబోయింది. నూనె రాస్తూ ఆగిపోయిన దేవుడమ్మ చేతులు కళ్ళముందు కదిలాయి. లోపలికి వెళ్ళి ఉల్లిపాయల ముందు కూర్చుంది గాని మరి తరగలేదు.

సోమవారం అందరికంటే ముందు వెళ్ళి, ఆ మధ్యాహ్నం వచ్చిన పేజీని జల్లెడ పట్టకుండా ఉన్నదున్నట్టు తెరిచింది. ఇన్నాళ్ళూ ఆ పని చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరం లేకుండానే కదా జల్లెడ రాసింది! తెరమీద ఇలా ఉంది.

<మాట>మా అత్త కాళ్ళకి నానూ ఇలాగే నూనె రాసీదాన్ని. <మాట>ఛీ, నీ మొగం నాకు సూపించకు. నా గడప తొక్కకు</మాట> అని కాలితో తన్నీది. నా పిల్ల సెయ్యి ఎంత మెత్తగుందో.</మాట>

పెట్టెలో పెట్టె. లోపలిది అత్తగారి మాట, బయటిది నూకాలమ్మ మాట. మధ్యలో ఇంకే గుర్తూ లేని మాటని మాత్రమే పట్టుకోమంది హెప్సిబా. బయటి పెట్టెలో మరో పెట్టె ఉంది కాబట్టి జల్లెడ దాన్ని వదిలేసింది. లోపలి చిన్న పెట్టెని పట్టుకుని, అదే నూకాలమ్మ మాటని నూకాలమ్మ గొంతుతో కూతురి మొహాన కొట్టింది. ఎప్పుడో చచ్చిపోయిన అత్తగారి తిట్టు అది. యంత్రం చెప్పినట్టే చేసింది. చెప్పింది తను.

మర్నాటి పేజీ తెరవడానికి హెప్సిబాకి చెయ్యి రాలేదు. తెరిచింది.

‘నిన్న నా పిల్ల’ అని మొదలైంది బయటి పెట్టె. లోపల ‘సావు, నీ పీడ నాకు ఇరగడైపోద్ది’ అన్న దేవుడమ్మ మాట. దాని తర్వాత, ‘అనీసి ఎల్లిపోనాది. బజారు నుంచి సక్కా వొచ్చినాది, అన్నం తిన్నాదో నేదో. ఆకలేస్తే దానికి కోపమొస్తాది, సిన్నప్పట్నించీ అంతే. ఎవులైనా అడగండర్రా.’

ఆ తర్వాతి రోజూ అదే. ఆ తర్వాతి రోజూ అదే. తిన్నాదో నేదో, ఎవులైనా అడగండర్రా. ముసలావిడ అందర్నీ బతిమాలుతుంటే స్పీకరు అందర్నీ తిట్టింది. తను నవ్వింది, మురిసిపోయి నివేదిక రాసింది. హెప్సిబాకి భూమి విచ్చుకుంటే అందులో దూరిపోదామన్నంత సిగ్గేసింది.

సిగ్గు మనిషిచేత మంచిపని చేయిస్తుందంటారు గాని, హెప్సిబాచేత ముందు చేయించింది చాలా చెడ్డపని. ఢిల్లీ నుంచి పరిశీలకులు రావాల్సిన సమయమది. ఒక్కో గుర్తూ తెరుచుకుంటూ మూసుకుంటూ చదివే కొత్త పద్ధతి రాయడానికి కూర్చుంది. నెల పడుతుందని అప్పుడు దబాయించిన పని వారం తిరక్కుండానే అయిపోయింది. అయితే దాన్ని స్పీకరుకి కలిపితే నూకాలమ్మ పూర్తి మాటలు గదిలో వినపడతాయి. వినపడితే పాత మాటలన్నీ ఏమిటని డైరెక్టరు అడుగుతాడు. అందుకని స్పీకరు తీగ పీకేసి, చెడిపోయిందని, కొత్తది వస్తుందని కళావతికి చెప్పింది. నూకాలమ్మ టోపీ మాత్రం తియ్యలేదు. రోజూ తన బల్ల దగ్గర కూర్చుని, ఆవిడ అడిగేది చప్పుడు లేకుండా చదువుకునేది. తిన్నాదో నేదో. ఎవులైనా అడగండర్రా. ఆ తర్వాత కొత్తగా, ‘నా గొంతు వినబడ్డం నేదేటి? ఎవులూ పలకరేటి?’

చదివి, పేజీ మూసేసి, టీ తాగడానికి వెళ్ళేది.

పరిశీలకులు వచ్చారు. వాళ్ళకి వేరే రోగిని చూపించారు, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషిని. ఆయన “నమస్కారం, నాకు సౌకర్యంగా ఉంది” అని అనుకున్నాడు, స్పీకరు అలాగే అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పార్వతీశం హెప్సిబాని ముందుకి పిలిచి శాలువా కప్పాడు. ఫొటోకి నవ్వమన్నారు. అద్దం అవతల మంచమ్మీద నూకాలమ్మ కళ్ళు తెరుచుకుని ఇటే చూస్తున్నాయి. ఆ శాలువా కింద హెప్సిబాకి తల కొట్టేసినట్టయింది. నవ్వింది. ఫొటో తీశారు.

“సార్, మీతో ఒక మాట” అంది అందరూ భోజనాలకి కదులుతుంటే. అక్కడే, నిలబడే, అంతా చెప్పేసింది. తీగ పీకిన సంగతి కూడా. పార్వతీశం అంతా విన్నాడు. చివరికి, “మాటలో మాట ఉంటే ఏమిటని నిన్ను అడిగి ఊరుకున్నాను. జవాబు వచ్చేదాకా అడగాల్సింది” అన్నాడు. “వాళ్ళకి నేను చెప్తాను. ఆ కూతురికి మాత్రం నువ్వే వెళ్ళి చెప్పు.”

చేపల బజారులో దేవుడమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంజరం ముక్కలు కోస్తోంది. హెప్సిబాని చూసి తల దించుకుంది.

“పోనాదా?” అంది.

“లేదక్కా, బాగానే ఉంది. మీ అమ్మ ఆ మాట అనలేదక్కా. అది చెప్పడానికే వచ్చాను.”

“నా సెవులతో ఇన్నాను.”

హెప్సిబా తడబడుతూ, నీళ్ళు నములుతూ చెప్పుకొచ్చింది. అత్తగారు అన్న మాటని ఆవిడ తలుచుకుందనీ, తన జల్లెడ ముందూ వెనకా కోసేసి నడిమిది మాత్రమే వినిపించిందనీ. దేవుడమ్మ కోయడం ఆపి వింది. అత్త కాలితో తన్నేదన్న దగ్గర ఒక్కసారి కళ్ళెత్తింది. ఆ కథ ఆమె చిన్నప్పట్నుంచీ ఎరిగిందే. అంతా విన్నాక అడిగింది.

“మరి నానన్నది? అది అమ్మకి ఇనబడింది గదా. దాన్ని ఏ జల్లెడా కొయ్యలేదు గదా?”

దేవుడమ్మ చేపలు పక్కదానికి అప్పగించి, చేతులు కడుక్కుని లేచింది.

ఇద్దరూ గుట్టమీదికి వచ్చారు. గదిలోకి రాగానే హెప్సిబా తీగ కలిపింది. మంచానికి దూరంగా గోడకి ఆనుకుని నిలబడింది దేవుడమ్మ. స్పీకరు గరగరలాడి అందుకుంది.

“నా పిల్ల సావమనీసి ఎల్లిపోనాది. అన్నం తిన్నాదో నేదో. ఎవులైనా అడగండర్రా, ఎవులూ అడగరేటర్రా...”

ఆవిడ కళ్ళు అప్పటికింకా కూతురిమీద పడలేదు.

దేవుడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొహం ఇటు తిప్పకుండానే అడిగింది. “ఎప్పట్నించి అడుగుతుంది?”

“నువ్వు వెళ్ళిన మర్నాటి నుంచి.”

“నీకు తెలుసా?”

“తర్వాత తెలిసింది. రోజూ చదివేదాన్ని.”

“మరి సెప్పలేదేటి?”

“సిగ్గేసిందక్కా.”

దేవుడమ్మ అప్పుడు తిరిగింది. అరవలేదు. “నీకు సిగ్గేస్తే మా అమ్మ నోరు మూసీసినావా?” అంది.

హెప్సిబా తల వంచుకుంది. ఇంకా ఏదైనా అంటే బాగుండుననుకుంది. దేవుడమ్మ మంచం దగ్గరికి వెళ్ళి తల్లి కళ్ళెదురుగా కూర్చుంది. “అమ్మా, నానే” అంది. నూకాలమ్మ కళ్ళు వచ్చి కూతురి మొహమ్మీద నిలిచాయి. స్పీకరులోంచి వచ్చిందల్లా ఒక్కటే.

“తిన్నావేటే?”

“నేదు” అంది దేవుడమ్మ. ఏడుపు ఆపుకుంటూ హెప్సిబాతో, “ఇక్కడెక్కడైనా అన్నం దొరుకుద్దా?” అంది.

హెప్సిబా పరుగున క్యాంటీనుకి వెళ్ళి పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టించుకుని తెచ్చింది. దేవుడమ్మ తల్లికి కనపడేలా పళ్ళెం ఎత్తి పట్టుకుని తినడం మొదలుపెట్టింది. మెతుకు మింగుడుపడక ముద్దకీ ముద్దకీ మధ్య ఆగుతోంది, అయినా తింటోంది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని హెప్సిబా గుమ్మంలోనే ఉండిపోయింది. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

“పప్పు నీళ్ళగుంది” అంది నూకాలమ్మ గొంతు. “ఎవులు తెచ్చినారే?”

“ఆ కంప్యూటరు పిల్ల.”

“నోరు మూసీసినావా అని అడిగినావు గదా, దాన్నా?”

“దాన్నే.”

నూకాలమ్మ కళ్ళు మెల్లగా గుమ్మం వైపు తిరిగాయి. తిడుతుందని హెప్సిబా ఎదురుచూసింది, తిట్టాలని మనసారా కోరుకుంది.

“పాలిపోయుంది మొగం” అంది ఆ గొంతు. “అది తిన్నాదో నేదో అడగవే.”

దేవుడమ్మ చెయ్యి పళ్ళెంలోనే ఆగింది. ఆమె అడగలేదు. తల్లి మాట తీసెయ్యలేక, హెప్సిబా వైపు చూసింది. జవాబు చెప్పాల్సింది హెప్సిబానే. ఇన్నాళ్ళలో ఆ ముసలావిడతో ఆమె నేరుగా ఒక్క మాటైనా మాట్లాడి ఎరగదు. నోరు తెరిచింది. “లేదమ్మా” అంటూ గుమ్మం దాటి మంచం దగ్గరికి నడిచింది.